పసుపు జిగురు

పై వాటా నుంచి

ఒరేయ్ గుండూ,

నేను నీ తల్లికి అక్కని. వయసు డెబ్బై తొమ్మిది. చదువు లేదు. బతుకంతా చేసిన పని పరుపులు కుట్టడం. ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు, నేను దిగలేని మెట్లు. ఇంట్లో ఉండేది నేను, నా కూతురి కూతురు గువ్వ, నా చేతికర్ర. ఇవన్నీ వాడికి తెలిసినవే కదయ్యా అని ఇది రాస్తున్న గుమాస్తాతో అన్నాను. వినడు. కోర్టులో వాంగ్మూలాలు రాసీ రాసీ అరిగిపోయిన చెయ్యి అది. వయసు, వృత్తి, నివాసం చెప్పకపోతే కలం కదలదంటాడు. సరే, కదలనీ.

విషయం ఇది. గువ్వ మీ కంపెనీలో సీనియర్ సైంటిస్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. వచ్చే వారం ఇంటర్వ్యూ. అక్కడ రసాయనాల విభాగానికి పెద్దవి నువ్వేనని దానికి తెలుసు. "మావయ్యకి చెప్పకు అమ్మమ్మా. నా చదువు చూసి పిలిచారు, నా చదువుతోనే వెళ్తాను" అంది. అది పాఠాలు చెప్పడానికి పోయాక గుమాస్తాని పైకి పిలిచి ఈ ఉత్తరం రాయిస్తున్నాను. డాక్టరేటు చేసిన పిల్ల, పరీక్ష తప్పిన పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటోంది. నా మూలాన.

సాయం చెయ్యమని అడగడం లేదు. నిన్ను సాయం అడిగేదాన్నే అయితే నా తుంటి విరిగిన రోజునే అడిగేదాన్ని. ఆ రోజు నువ్వు రాలేదు. పళ్ళబుట్ట వచ్చింది. బుట్టకి నీలం రిబ్బను కట్టి ఉంది. పళ్ళు కుళ్ళాయి, బుట్ట విరిగింది, రిబ్బను మాత్రం గట్టిది. ఇప్పటికీ మా చీపురుకట్టకి అదే.

నేను చెప్పేదల్లా ఒక్కటే, దానికి అడ్డం పడకు. పని రాకపోతే పంపించెయ్యి. వస్తే కూర్చోబెట్టు. మధ్యలో నీ బుద్ధి దూర్చకు. నీ బుద్ధి నాకు తెలుసు. ఆరేళ్ళప్పుడు గుండు చేయించుకున్న తలతో నా గుమ్మంలోకి వచ్చినవాడివి. నా ఒళ్ళో తిని, నా దూది బస్తాల మీద పడుకుని, పక్కింటి పిల్లాడి లెక్కలు చూసి రాసి మొదటి మార్కు తెచ్చుకున్నవాడివి.

ఇంకో సంగతి. అసలు మీ కంపెనీ అమ్మేదేమిటో నాకు అర్థం కాలేదు. చెప్పగలిగితే చెప్పు. జవాబు కింది దర్జీ కొట్టు పేరు మీద రాయి. గువ్వ కంట పడకూడదు.

ఇట్లు, చెప్పినది పెద్దమ్మ, వేలిముద్ర.
సాక్షులు: రాసిన గుమాస్తా, కింది వాటా దర్జీ.

---

ఆఫీసు, నాలుగో అంతస్తు

పెద్దమ్మకు నమస్కారాలు.

ఉత్తరం చేరింది. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు కాబట్టి చాలా ఏళ్ళ తర్వాత కాగితం మీద రాస్తున్నాను. కవరు మీద "గుండుకి, మందుల కంపెనీ" అని రాయించావు. రిసెప్షన్లో అమ్మాయి దాన్ని నా ముందు పెట్టి, "ఇది మీకేనా సార్" అని అడిగింది. నా కింద నూట నలభై మంది పని చేస్తున్నారు. ఇకమీదట నా హోదా రాయించు.

గువ్వ దరఖాస్తు నా దృష్టికి వచ్చింది. సంతోషం. అయితే మా దగ్గర ఒక రూలు ఉంది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి బంధువులెవరైనా దరఖాస్తు పెడితే ముందే చెప్పి తప్పుకోవాలి. నేను తప్పుకుంటే రసాయనాలు తెలిసిన మనిషి ప్యానెల్లో మిగలడు, పిల్లకే నష్టం. అందుకని ఆ సంగతి నేను ఎత్తడం లేదు, తనూ ఎత్తకూడదు. గదిలో నన్ను సార్ అనాలి. ఎలాగైనా ఈ మాట దాని చెవిలో వెయ్యి.

మేం ఏం అమ్ముతామని అడిగావు. పెద్ద పెద్ద మందుల కంపెనీలు మాకు పని ఇస్తాయి. ఫలానా పదార్థం కావాలంటారు. ఎలా తయారు చెయ్యాలో మేం కనిపెట్టి, చేసి ఇస్తాం. ఆ తర్వాత చేసే దారి వాళ్ళది, పదార్థం వాళ్ళది, పేరు వాళ్ళది. మాకు చేసినందుకు చెల్లిస్తారు.

నాకు రాసిన ఉత్తరానికి సాక్షులెందుకు పెద్దమ్మా? నా మీద దావా వేస్తున్నావా? చదివి నవ్వుకున్నాను. మాకూ ఆ తంతు ఉందిలే. ల్యాబు పుస్తకంలో ప్రతి పేజీ కింద ఇంకొకరు "చదివి, అర్థం చేసుకుని, సంతకం చేశాను" అని రాసి సాక్షి సంతకం పెట్టాలి. సాయంత్రం అయ్యేసరికి నా బల్ల మీద గుట్ట ఉంటుంది. ఎవడు చదువుతాడు? కాఫీ తాగుతూ పెట్టేస్తాను. ఇన్నేళ్ళలో చెయ్యి దానంతట అదే రాసేస్తోంది. మీ దర్జీ కూడా అలాగే పెట్టి ఉంటాడు.

ఆరోగ్యం జాగ్రత్త.

---

పై వాటా నుంచి

ఒరేయ్ గుండూ,

హోదా రాయమంటే గుమాస్తా సరేనన్నాడు, నేను వద్దన్నాను. దర్జీ సంగతి అడిగావు. వాడు చదివే పెట్టాడు. చదవడం రాని చోట గుమాస్తాని అడిగి చదివించుకుని మరీ పెట్టాడు. "ఈ పళ్ళబుట్ట మాట తీసెయ్యమ్మా" అని కూడా అన్నాడు. తియ్యలేదు.

మీ పని ఇప్పుడు అర్థమైంది. దూది వాళ్ళు తెస్తారు, గుడ్డ వాళ్ళు తెస్తారు, మీరు కూలికి కుట్టి పెడతారు. పడుకునేది ఇంకెవరో. నేను చేసింది అదే. నాకు నాలుగో అంతస్తు లేదు, అంతే తేడా.

ఇంటర్వ్యూ అయింది. నిన్ను సార్ అనాలని నేను చెప్పనక్కర్లేకపోయింది, అదే అన్నదట. పొద్దున్నే చీర రెండుసార్లు ఇస్త్రీ చేసుకుని పోయింది. అద్దం గోడల గది, పొడుగు బల్ల, ఎవరూ మూత తియ్యని నీళ్ళ సీసాలు. గంటసేపు తన పని గురించి తెర మీద చూపించి చెప్పిందట. తర్వాత ఒకరొకరుగా వచ్చి ప్రశ్నలు వేశారట. వాళ్ళలో ఒక కళ్ళజోడు ఆవిడ మంచిదట, నవ్వుతూ అడిగిందట. నువ్వు ఆఖరున వచ్చి, "ప్రయాణం బాగా జరిగిందా మేడమ్" అన్నావట. దాని ముక్కు తుడిచిన చేతులవి.

నన్ను చూసుకోవడానికి అది పని మానేసిన ఆ మూడేళ్ళ మాట నువ్వే ఎత్తావట. ఆ ఖాళీ ఏమిటి మేడమ్ అని. "ఇంట్లో పెద్దావిడకి బాగాలేదు సార్" అందట. ఆ పెద్దావిడ ఎవరో నీకు తెలియనట్టు తలూపి ఏదో రాసుకున్నావట.

చివర్లో ఒక లెక్క ఇచ్చారట. పేరు లేని పదార్థం. ఇలా ఇలా చేస్తుంటే నాలుగో మెట్టులో ఒక మలినం పుడుతోంది, ఎంత కడిగినా పోవడం లేదు, మీరైతే ఏం చేస్తారని. గువ్వ బోర్డు దగ్గర నిలబడి కాసేపు చూసి, రెండు మెట్లని ముందువెనకలు చేసిందట. నాకు అర్థమయ్యేలా చెప్పింది: మీరు నాలుగు వైపులా కుట్టేసి తర్వాత దూది కూరుతున్నారు, అందుకే మూలల్లో గడ్డలు కడుతున్నాయి. అది ముందు కూరి తర్వాత కుట్టమంది. కళ్ళజోడు ఆవిడ లేచి ఫోనుతో బోర్డు ఫొటో తీసుకుందట. రికార్డు కోసమట.

ఇంటికొచ్చి, "అందరూ మంచివాళ్ళే అమ్మమ్మా. మావయ్య కూడా బాగానే ఉన్నాడు" అంది. దానికి అందరూ మంచివాళ్ళే. పెంపకం నాది కాదు, పుస్తకాలది.

ఉద్యోగం ఎప్పుడిస్తున్నావో రాయి.

వేలిముద్ర. సాక్షులు మామూలే.

---

ఆఫీసు

పెద్దమ్మకు,

శుభవార్త. గువ్వ అందరికీ నచ్చింది. మన పిల్లని చెప్పుకోలేకపోయాను గానీ లోపల గర్వపడ్డాను. అయితే సీనియర్ పోస్టు కాబట్టి ఒక్క ఇంటర్వ్యూతో తేలదు, ఇంకోసారి రావాలి. బోర్డు మీద చెప్పినదాన్నే ఇంకొంచెం లోతుగా మాట్లాడుకుంటాం. ఆ దారిలో పోతే ఏమేమి ఇబ్బందులు రావచ్చు, వాటికి ఏం చెయ్యాలి, ఈ ధోరణిలో తయారై రమ్మను. ఎంత వివరంగా చెబితే అంత మంచిది.

ప్రయాణ ఖర్చులు ఈసారి ఇవ్వడం లేదు, బడ్జెట్ అయిపోయింది. ఏమీ అనుకోవద్దు.

వారం లోపల వస్తే బాగుంటుంది. ఈ నెల దాటనివ్వకు.

---

పై వాటా నుంచి

ఒరేయ్,

మొదటి ఉత్తరంలో అడ్డం పడకు అని చెప్పాను. దొంగతనం చెయ్యకు అని విడిగా చెప్పాలని నాకు తోచలేదు. ఆ తప్పు గుమాస్తాది కూడా. అన్నీ విడివిడిగా రాయాలనేవాడు అదొక్కటీ వదిలేశాడు.

గువ్వ రెండోసారి వచ్చింది కదా. అదే అద్దాల గది, అవే నీళ్ళ సీసాలు. నువ్వు ఈసారి ముందే వచ్చి కూర్చున్నావట. "మీరు చెప్పినట్టే చేశామనుకుందాం మేడమ్. పెద్ద పాత్రలో చేశామనుకుందాం. వడపోసే చోట పసుపుపచ్చ జిగురు గడ్డకట్టి గుడ్డకి అంటుకుపోయి నీళ్ళు కూడా దిగడం లేదనుకుందాం. అప్పుడేం చేస్తారు?" అని అడిగావట.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చుంది. కాసేపటికి తనలో తనే నవ్వుకుంది.

"ఏమే?" అన్నాను.

"చేసేశారు అమ్మమ్మా."

"ఏం చేశారు?"

"నేను బోర్డు మీద రాసింది. నిజంగానే చేసి చూశారు. ఊహించి అడిగే ప్రశ్నకి రంగు ఉండదు. ఇంత వస్తుంది, అంత పోతుంది అంటారు గానీ, పసుపుపచ్చ అనరు. గుడ్డకి అంటుకుంది అనరు. అది చూసినవాళ్ళ మాట."

"ఆ జిగురుకి మందు నీకు తెలుసా?"

"తెలుసు. అక్కడే తెలిసింది."

"చెప్పావా?"

"ఆలోచించి చెబుతానన్నాను."

దాని బతుకులో అది చేసిన మొదటి తెలివైన పని అది. కానీ నిలబెట్టుకునేలా లేదు. "మళ్ళీ పిలిస్తే చెప్పేస్తాను అమ్మమ్మా, ఉద్యోగం ఇస్తారు కదా" అంది. చెప్పావంటే నోటికి కుట్టు వేస్తాను, దబ్బనం ఇంకా ఉంది అన్నాను. అలిగి అన్నం మానేసింది. నలభై ఒక్కేళ్ళ మనిషి.

ఇప్పుడు విను. అది రాసిన దారి నీ బల్ల మీద ఎవరి పేరున ఉందో నాకు తెలుసు. పక్కింటి పిల్లాడి లెక్కలు ఎవరి పేరున మార్కులు తెచ్చాయో అప్పుడూ తెలుసు. ఉద్యోగం కాయితం ముందు పంపు. ఆ కాయితం దాని చేతిలో పడ్డాక నీ జిగురు సంగతి అది చెబుతుంది. అప్పటిదాకా నువ్వూ నీ గుడ్డా అంటుకుని ఉండండి.

(ఇక్కడ ఇంకొక మాట చెప్పింది. రాయలేదు. గుమాస్తా.)

వేలిముద్ర. సాక్షులు మామూలే.

---

ఆఫీసు

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివాను. మర్యాద వదిలేసి మాట్లాడటం నీకు మొదటినుంచీ అలవాటే కాబట్టి నేనూ సూటిగా రాస్తాను. నీ గుమాస్తా గట్టిగా చదివి వినిపించాలి, ఒక్క ముక్క మింగకూడదు.

బోర్డు కంపెనీది. దాని మీద రాసే రంగు కలం కంపెనీది. ఆ గదిలో ఎవరు ఏం చెప్పినా అది వాళ్ళు ఇష్టపూర్వకంగా చెప్పిందే. దొంగతనం అనే మాట ఇంకోసారి రాయిస్తే లాయరు చేత జవాబు వస్తుంది, నా చేత కాదు.

ఉద్యోగం సంగతి. మీ పిల్ల కంటే పదేళ్ళు చిన్నవాళ్ళు, ఒక్క రోజు కూడా ల్యాబు వదలనివాళ్ళు వరసలో ఉన్నారు. ఆ మూడేళ్ళలో మా రంగం ఎంత ముందుకు పోయిందో నీకు తెలియదు. అప్పుడు మీ పిల్ల చేతిలో ఏముందో నీకు తెలుసు. మంచం కింద పెట్టే గిన్నె ఉంది. ప్యానెల్లో ఐదుగురం కూర్చున్నాం, ఐదుగురమూ ఆ మూడేళ్ళ దగ్గరే ఆగాం. నాలాగే కళ్ళజోడు ఆవిడ కూడా ఆగింది, నవ్వినంత మాత్రాన దయ అనుకోకు.

దాని కాగితాల్లో ఉన్న ఖాళీకి పేరు పెట్టాలంటే నీ పేరే పెట్టాలి పెద్దమ్మా. ఆ మెట్ల మీద నుంచి పడ్డ రోజునే నువ్వు పోయి ఉంటే, అది ఈపాటికి నా పక్క గదిలో కూర్చుని ఉండేది. కోపంతో అంటున్నది కాదు. ఎవరు లెక్క వేసినా ఇంతే. అది చెప్పలేదు, చెప్పదు కూడా. నీకు తెలియాలని నేను చెబుతున్నాను.

ఇంకా దారి మూసుకుపోలేదు. జిగురు ఎందుకు వస్తోందో, ఏం చెయ్యాలో వివరంగా రాసి పంపమను. అది చూసి పోస్టు విషయం ఆలోచిస్తాను. మాట ఇవ్వడం లేదు. ఆలోచిస్తాను.

---

పై వాటా నుంచి

గుండూ,

గుమాస్తా సగంలో ఆగి నీళ్ళు తాగుతానన్నాడు. తాగి చదవమన్నాను. చదివాడు. ఇంకోసారి చదవమన్నాను, మళ్ళీ చదివాడు. నువ్వు అన్నట్టే ఒక్క ముక్క మింగలేదు.

గువ్వకి చెప్పలేదు.

ఆదివారం రా. అది ఇంట్లోనే ఉంటుంది. నీకు కావలసింది నీ నోటితో దాన్నే అడుగు. నేను దాని నోరు ఇక కుట్టను.

నాకు నీతో ఒక పని ఉంది. ఒక కాయితం రాయిస్తున్నాను, గువ్వకి సంబంధించింది. ఒక సాక్షి దర్జీ. రెండో సాక్షి చదువుకుని హోదాలో ఉన్నవాడైతే బలంగా ఉంటుందని గుమాస్తా అంటున్నాడు. మన వాళ్ళలో అలాంటివాడివి నువ్వొక్కడివే.

మెట్లు చూసుకుని ఎక్కు. మూడోది ఊగుతోంది.

---

ఇంటి నుంచి

పెద్దమ్మా,

ఆదివారం నన్ను పిలిచి చేసిన మర్యాద ఈ జన్మకి మర్చిపోను. నూట నలభై మందికి పెద్దనైన నేను ఆ ఊగే మెట్లు ఎక్కి, దూది వాసన కొట్టే ఆ గదిలో చిరిగిన పరుపు మీద కూర్చున్నాను. కాయితం అన్నావు. చదువుకుని పెట్టు అన్నావు. అందులో చదవడానికి ఏముంది? ఆ రెండు గదులూ దానికి రాస్తున్నావు. రాసుకో, నాకేం. ఆ కారే కప్పు కింద అదే ఉండనీ. మూడు పేజీల మీదా సంతకం పెట్టాను. నీ గుమాస్తా మళ్ళీ అడిగాడు, "చదివారా సార్" అని. అతని మొహం చూసి జాలేసింది.

తర్వాత గువ్వని అడిగాను. నా నోటితో అడిగాను. నీ మావయ్యనని చెప్పి అడిగాను. అది చేతులు కట్టుకుని, "ఉద్యోగం ఇవ్వండి మావయ్యా. మొదటి రోజే చెబుతాను. మీకే కాదు, అందరికీ చెబుతాను" అంది. నువ్వు గోడకి ఆనుకుని నవ్వావు. నీకు పళ్ళు లేవని అప్పుడే గమనించాను.

పెద్దమ్మా, కోపంలో రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. వచ్చే సోమవారం క్లయింటు మనుషులు వస్తున్నారు. కొత్త దారి నేనే కనిపెట్టానని మా డైరెక్టరుకి చెప్పి ఉన్నాను. మూడు పాత్రల సరుకు జిగురై కూర్చుంది. ఎందుకని అడిగితే నా దగ్గర మాట లేదు. ఆ దారి నాది కాదని నాకు తెలుసు, నీకు తెలుసు, దానికి తెలుసు. ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు. నా వయసు యాభై మూడు. ఈ వయసులో నన్ను ఇంకెవరూ తీసుకోరు.

నువ్వు చెబితే అది వింటుంది. ఒక్క మాట చెప్పించు. కిందటి ఉత్తరంలో ఏదైనా ఎక్కువ రాసి ఉంటే మనసులో పెట్టుకోకు. నీ ఒళ్ళో పెరిగినవాణ్ణి.

గుండు

---

పై వాటా నుంచి

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరం కింద నీ అసలు పేరు నువ్వే రాసుకున్నావు. గుమాస్తా చూపించాడు. సంతోషం.

ఆ కాయితం ఇంటిది కాదు. నీకు మూడు పేజీలూ ఇచ్చాం, కళ్ళజోడు పెట్టుకునే వ్యవధి ఇచ్చాం, చదువుకో అని నేను ఒకసారి, గుమాస్తా రెండుసార్లు చెప్పాం. నువ్వు నీ కలం తీసి గుట్ట మీద పెట్టినట్టు పెట్టేశావు. సోమవారం క్లయింటు మనుషులు కాఫీ తాగేలోపు దర్జీ దాన్ని మీ డైరెక్టరు చేతికే ఇచ్చి వచ్చాడు. రిసెప్షన్ అమ్మాయి ఎవరికని అడిగితే, "మీ గుండు సార్ సాక్షి సంతకం పెట్టిన కాయితం" అన్నాడట. వెంటనే లోపలికి పంపిందట.

డైరెక్టరు కళ్ళజోడు ఆవిడని పిలిచి ఫోను తియ్యమన్నాడట. ఫొటోలో బోర్డు ఉంది, తారీకు ఉంది, పక్కన గువ్వ చీరకొంగు ఉంది. నీ దారి నువ్వు డైరెక్టరుకి చెప్పింది దాని తర్వాతి వారమట. సాయంత్రానికి గువ్వకి ఫోను వచ్చింది. ఈసారి గదిలో బోర్డు పెట్టలేదట. ఆ మూడేళ్ళ గురించి డైరెక్టరు అడిగితే, "మా అమ్మమ్మని లేపి నడిపించాను. ఇప్పుడు నడుస్తోంది. ఇంకేమైనా అడగాలా సార్" అందట. ఉద్యోగం కాయితం అక్కడే చేతికిచ్చాడట.

సీనియర్ సైంటిస్టు. నీ పక్క గది. నీ గది ఖాళీగా ఉందట.

గువ్వ నాతో దెబ్బలాడింది. చదవకుండా సంతకం పెట్టించుకోవడం మోసం అంది. "చదవమని చెప్పాను కదే" అన్నాను. "వాడు చదవడని నీకు తెలుసు కదా" అంది. తెలుసు. నువ్వే రాసి చెప్పావు. మావయ్యని పూర్తిగా తీసెయ్యొద్దని డైరెక్టరుని అడుగుతానంది. అడుగు, కానీ ఆ రోజు నుంచి నా చేత్తో నీళ్ళు తాగవు అన్నాను. అడగలేదు. నా మీద కోపం ఇంకా ఉంది. ఉండనీ. జీతం తెచ్చుకునే పిల్లకి కోపం కూడా ఉండాలి.

జిగురు సంగతి చెప్పేసిందట. పోయిందట. ఎలా పోయిందే అని అడిగితే నాకు చెప్పనంది. ఇప్పుడు అది కంపెనీ రహస్యమట, బయట చెప్పనని కాయితం మీద సంతకం పెట్టిందట. చదివి పెట్టింది.

నువ్వు రాసిన ఆ మూడేళ్ళ ఉత్తరం కాయితంలో పెట్టించలేదు. గుమాస్తా పెట్టాల్సిందే అన్నాడు, దాంతో కేసు బిగుస్తుందన్నాడు. పొయ్యిలో పెట్టాను. నీ మీద జాలితో కాదు. అది చదివితే గువ్వ ఏడుస్తుంది, ఆ మాట నిజం కాదని నాకు చెప్పడానికి ప్రయత్నిస్తుంది. నిజమో కాదో నాకు ఒకళ్ళు చెప్పనక్కర్లేదు.

నిన్ను ఇంట్లో కూర్చోమన్నారని విన్నాను. అందుకని ఈ ఉత్తరంతో పాటు ఒక పళ్ళబుట్ట పంపుతున్నాను. రిబ్బను నీదే. చీపురు నుంచి విప్పి ఉతికించాను. ఇక నీ కాగితాల్లో కూడా ఒక ఖాళీ వస్తుంది. ఎక్కడికైనా ఇంటర్వ్యూకి పోతే అడుగుతారు, ఈ ఖాళీ ఏమిటి సార్ అని. మా పెద్దమ్మ అని చెప్పు.

ఆ రోజు చదవలేదు కాబట్టి నకలు కింద రాయిస్తున్నాను. ఇప్పుడు తీరికగా చదువుకో.

*

కంపెనీ డైరెక్టరు గారికి.

నేను పరుపులు కుట్టిన దాన్ని, వయసు డెబ్బై తొమ్మిది, చదువు లేదు, పై వాటాలో నా మనవరాలితో ఉంటున్నాను. నా మనవరాలు మీ దగ్గరికి ఉద్యోగం కోసం వచ్చింది. మీ రసాయనాల విభాగం పెద్ద నా చెల్లెలి కొడుకు, దానికి మావయ్య. ఆ సంగతి మీకు చెప్పి తప్పుకోవాల్సి ఉండి కూడా చెప్పకుండా ఇంటర్వ్యూలో కూర్చున్నాడు.

నా మనవరాలు మీ బోర్డు మీద ఒక దారి రాసింది. మీ మనిషి ఒకావిడ ఫొటో తీసింది. ఆ దారిని నా చెల్లెలి కొడుకు మీ పాత్రల్లో చేయించాడు. ఉద్యోగం దానికి ఇవ్వలేదు. పసుపు జిగురు వస్తే మళ్ళీ దాన్నే పిలిచి, ఉద్యోగం ఆశ చూపించి, మందు అడిగాడు. ఆ దారి నా మనవరాలిది, నా చెల్లెలి కొడుకుది కాదు.

నాకు మీ చదువు తెలియదు. కానీ మీరు కూలికి కుట్టేవాళ్ళే, నేనూ కూలికి కుట్టిన దాన్నే. దూది తెచ్చినవాడిది పరుపు అవుతుంది, ఒప్పుకుంటాను. కుట్టినదానికి కూలి ఎగ్గొట్టి పంపిన ఇంట్లో నేను రెండోసారి సూది పట్టలేదు. నా మనవరాలూ పట్టదు. దాని సమాధానం కావాలంటే దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడగండి.

దాని మూడేళ్ళ లెక్క కావాలంటే మా ఇంటికి రండి, లేచి నిలబడి చూపిస్తాను.

పై మాటలు నేను చెప్పగా గుమాస్తా రాశాడు. రాసినది నాకు మూడుసార్లు చదివి వినిపించాడు. నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని పెట్టిన

నా ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
కింది వాటా దర్జీ.
గుండు, పై ఆమె చెల్లెలి కొడుకు, రసాయనాల విభాగాధిపతి. చదివి, అర్థం చేసుకుని, సంతకం చేశాను.